శిశుసంరక్షణ సంఘముల పరస్పర సహకారము: ఖరగ్‌పూరు రైల్వే పట్టణమును గూర్చి

(పురపాలక, తాలూకా ఉద్యోగుల యెదుట చేసిన యుపన్యాసము)



శిశుసంరక్షణమును గూర్చి మాటలాడుమని మీరు నన్ను కోరినప్పుడు పాలను గూర్చియు, టీకాలను గూర్చియు, పురిటిగది శుభ్రతను గూర్చియు నేను చెప్పుదునని మీలో పలువురు తలచియుందురు. ఆ సంగతులు మీకు తెలియనివి కావు. వానిని గూర్చిన కరపత్రములు మీ కచ్చేరీలలో కట్టలుకట్టి యున్నవి. నేడు నేను చెప్పదలచినది వేఱొకటి. ఒక పట్టణమున శిశువుల మేలు కోరు సంఘములును, శాఖలును అనేకములుండియు, అవి యొకదానితో నొకటి మాటలాడకున్నచో, ఏ పుస్తకమునందును పేరు లేని బిడ్డలు మిగిలిపోవుదురు. ఈ లోపమును దీర్చుటకు మన దేశమున గడచిన నూటయిరువది సంవత్సరములకు పైబడిన కాలములో ఎవరేమి చేసిరో, అందు ఏది నిలిచెనో, ఏది నిలువలేదో చెప్పుటయే నా యుద్దేశము.

ఉదాహరణమునకై ఖరగ్‌పూరు రైల్వే పట్టణమును తీసికొనుచున్నాను. వంగదేశమునందలి యూరితో తెలుగు తాలూకాల వారికి పని యేమని మీరడుగవచ్చును. (తాలూకాలు పోయి మండలములు వచ్చి చాల కాలమైనది, పాత యలవాటున ఆ మాటనే వాడుచున్నాను, మన్నింపుడు.) పని కలదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వారికి, వాల్తేరు మొదలు కటకము వఱకు గల తూర్పుతీరపు రైలుదారి 1902లో వశమయ్యెను. ఆ కంపెనీ వారి గొప్ప కార్ఖానా ఖరగ్‌పూరున నెలకొనెను. ఒకే కంపెనీ, ఒకే దారి. కావున విశాఖపట్టణము, శ్రీకాకుళము, గంజాము ప్రాంతముల కుటుంబములు వేలకొలది ఆ దారినే ఉత్తరమునకు పోయి, కార్ఖానాలోను, ఇంజను షెడ్డులోను, పట్టాల మీదను పనికి కుదిరినవి. నేటికిని ఆ యూరి రైల్వే వాడలలో మన భాష వినబడును. మాతాపూజ యను పేర మన గ్రామదేవతల జాతరయు జరుగును. ఆ కుటుంబముల బిడ్డలలో కొందఱు మీ తాలూకాలలోనే పుట్టుచున్నారు. అదెట్లో కొంచెము తరువాత చెప్పెదను. నా ప్రసంగమునకంతకు అదియే ముఖ్యమైన సంగతి.

ముందు ఆ పట్టణపు నిర్మాణమును గమనింపుడు. ఖరగ్‌పూరు రైలు కొఱకు పుట్టిన యూరు. రైల్వే వారి భూమిలో ఉద్యోగపు తరగతిని బట్టి యిండ్లు, నీరు, దీపములు, మురుగుకాలువలు, ఆసుపత్రి అన్నియు కంపెనీ వారే యేర్పరచిరి. 1944లో కంపెనీ పోయి ప్రభుత్వమే రైల్వేను స్వాధీనము చేసికొన్న తరువాతను ఆ పద్ధతి మాఱలేదు. రైల్వే భూమి దాటగనే ఖరీదా, ఇందా, మలంచ మొదలైన పేటలు. అచ్చటి వర్తకులు, కూలీలు, గుత్తేదారుల క్రింద పనిచేయు వారు రైల్వేను నమ్ముకొని బ్రదుకువారే గాని రైల్వే వారు కారు. ఈ పేటల నిమిత్తమై మునిసిపాలిటీ యేర్పడినది 1954లో మాత్రమే. ఆ పట్టణపు రైలు ప్లాటుఫారము చాలకాలము ప్రపంచములో కెల్ల పొడవైనదని ఖ్యాతి గాంచెను. యాత్రికులు దానిని చూచి మెచ్చుకొనుచుందురు. నాకు మాత్రము ఆ పట్టణమున మిక్కిలి పొడవైనది రైల్వే సరిహద్దు గీతయే యని తోచును. ఆ గీతకు లోపల పుట్టిన బిడ్డకు ఒక ఆసుపత్రి, బయట పుట్టిన బిడ్డకు మఱియొకటి; లోపలి లెక్క ఒకరిది, బయటి లెక్క మఱియొకరిది.

ఇక చరిత్ర. మన దేశమున తల్లిబిడ్డల సంరక్షణము మొదట ప్రభుత్వపు పనిగా మొదలు కాలేదు. వైస్రాయిల భార్యల పేర వెలసిన నిధులతో మొదలయ్యెను. 1885లో డఫరిన్ దొరసానిగారి నిధి స్త్రీలకు స్త్రీల చేతనే వైద్యము చేయింపవలెనని పుట్టెను. 1900 దాటిన కొలది సంవత్సరములకు కర్జన్ దొరసానిగారు విక్టోరియా రాణి స్మారకముగా మఱియొక నిధిని కూర్చి, పల్లెటూళ్ల మంత్రసానులకు శిక్షణ యిప్పింప బూనిరి. 1918లో ఢిల్లీ నగరమున హెల్తు విజిటర్లకు పాఠశాల నెలకొల్పబడెను. 1920 ప్రాంతమున ఛెమ్స్‌ఫర్డ్ దొరసానిగారి పేర ప్రసూతి శిశుసంరక్షణ లీగు ఏర్పడెను; ఆ 1920 సంవత్సరముననే భారత రెడ్‌క్రాసు సంఘమునకు చట్టము వచ్చెను. 1924లో రీడింగ్ దొరసానిగారి పూనికతో దేశమంతటను శిశువారోత్సవములు జరిగెను.

ఈ పేర్లను విన్నంతనే మీకొక సందేహము కలుగవలెను. వీరందఱును ఒకే తల్లి యొద్దకు పోవలసినవారు గదా, పోవునప్పుడు ఒకరి సంగతి మఱియొకరికి తెలిసెనా? తెలియలేదనియే చెప్పవలసియున్నది. ఒక నిధి మంత్రసానికి శిక్షణ యిచ్చుచుండెను. మఱియొక నిధి ఆ మంత్రసానిని తొలగించి డాక్టరమ్మను నియమింప జూచుచుండెను. మూడవది హెల్తు విజిటరును పంపి, ఆ యిద్దఱిలో ఎవరి మాట వినవలెనో తల్లికి తెలియకుండ జేయుచుండెను. చందాలిచ్చు వారికి చూపుటకై ఎవరి వార్షిక నివేదిక వారిది. శిశువారోత్సవములలో బొద్దుగా నున్న బిడ్డలకు బహుమతులిచ్చిరి. ఆ యుత్సవములు కొంత మేలు చేయకపోలేదు. బిడ్డ చావు దైవనిర్ణయమే కాదు, మురికినీటికిని మంత్రసాని కత్తికిని దానియందు భాగమున్నదని జనులకు మొదట తోపించినవి అవియే. అయినను చిక్కిపోయిన బిడ్డను చంకనెత్తుకొని అట్టి సభకు వచ్చు తల్లి యెవ్వతె? రావలసిన వారు రాలేదు. వచ్చిన వారికి అవసరము తక్కువ.

ఈ వ్యర్థమును గుర్తించి 1931లో విక్టోరియా స్మారకనిధిని, ఛెమ్స్‌ఫర్డ్ లీగును కలిపి, రెడ్‌క్రాసు సంఘము క్రింద ప్రసూతి శిశుసంరక్షణ బ్యూరో యను నొక శాఖను ఏర్పఱచిరి. మన దేశమున ఇట్టి సంఘములు తమంత తాము ఏకమైన తొలి ఘట్టములలో ఇది ముఖ్యమైనది. దీనిని నేను తక్కువ చేసి చెప్పను. అయినను ఏకమైనది పైభాగము. ధనము ఒక పెట్టెలో చేరెను, శిక్షణము ఒక క్రమమునకు వచ్చెను. ఊరిలో వీధివీధికి తిరుగు మనుష్యుల పుస్తకములు మాత్రము వేఱువేఱుగనే యుండెను.

పుస్తకముల సంగతి పాశ్చాత్య దేశముల వారు మనకంటె ముందు గ్రహించిరి. 1869లో లండను నగరమున ధర్మసంస్థలను ఒక క్రమమునకు తెచ్చుటకై ఒక సంఘము వెలసెను. 1877లో అమెరికాలో బఫెలో నగరము ఆ మార్గమునే పట్టెను. బోస్టను మొదలగు నగరములలో ఏ కుటుంబమునకు ఏ సంఘము సహాయము చేయుచున్నదో తెలుపు ఉమ్మడి పట్టికలు పుట్టినవి. ఆలోచన మంచిదే. కాని ఆ పట్టికలను తొలిదినములలో వాడినది ముఖ్యముగా ఒకే కుటుంబము రెండు చోట్ల సహాయము పొందుచున్నదేమో కనిపెట్టుటకే గాని, ఏ కుటుంబము ఎచ్చటను పొందుట లేదో కనుగొనుటకు కాదు. ఈ దోషము నేటికిని మన కచ్చేరీలలో కలదు. ఆధారపత్రము రెండుమాఱులు చేరినదని పేరు కొట్టివేయుటలో మనకున్న చుఱుకుదనము, చేరని పేరును వెదకుటలో లేదు.

రెండవ పాయ చట్టములది. ఆరోగ్యపు పని దాదులతోను, విజిటర్లతోను నడచుచుండగా, అనాథ శిశువుల పని పోలీసులతోను, న్యాయస్థానములతోను నడచెను. కలకత్తాలో 1898లోనే శిశుసంరక్షణ సంఘమొకటి వెలసెను. బాలల చట్టము మన మదరాసు రాజధానిలో 1920లో మొదట వచ్చెను. వంగదేశమున 1922లో వచ్చెను. బొంబాయిలో 1924లో వచ్చెను. రైలు జంక్షనులలో దిక్కులేక తిరుగు పిల్లలకు ఈ చట్టములే గతి. కాని అట్టి పిల్లవాడు మొదట ఎవరి యింటినుండి తప్పిపోయెనో, వాని తల్లి యే కేంద్రమునకు పోవుచుండెనో పోలీసువారికి తెలియదు. ఆ కేంద్రము వారికి పిల్లవాడు స్టేషనులో దొరకెనని తెలియదు. ఈ రెండు పాయలు కలియుటకు చాల సంవత్సరములు పట్టెను.

మదరాసును గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. ఆ నగరపు కార్పొరేషను వారు 1920లో థౌజండ్ లైట్సు ప్రాంతపు పాఠశాలలో, దినమునకు తలకు ఒక అణా మించకుండ, బాలురకు పగటిభోజనము పెట్టనారంభించిరి. ఇది చిన్నపనిగా కనబడును. కాని యిందు బడి శాఖయు, నగరపాలక ధనమును, శిశుపోషణమును ఒకేచోట కలిసినవి. పిల్లవాడు ఎచ్చట నున్నాడో ముందుగనే తెలిసిన చోట, అనగా హాజరుపట్టీ యున్న చోట, సహాయమును పెట్టిరి. తరువాత 1939లో వచ్చిన మదరాసు ప్రజారోగ్య చట్టమున ప్రసూతి శిశుసంరక్షణమునకు ప్రత్యేకముగా ఒక యధ్యాయమే కలదు. స్థానికసంస్థలకు ఈ పని దయాధర్మముగా గాక, కర్తవ్యముగా విధింపబడెను. మన తెలుగు జిల్లాల పురపాలక సంఘములలో ఈ పనికి చట్టపు బలము కలిగినది అప్పుడే.

ఖరగ్‌పూరునకు ఇట్టి పురపాలకము అప్పటికి లేదు. అచ్చట కంపెనీ కలదు, కార్మికసంఘము కలదు. బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకులై పనిచేసిన కాలమది. 1927లో ఖరగ్‌పూరున సమ్మెయు, పిదప కార్ఖానా మూతయు జరిగిన సంగతి మీరు వినియుందురు. కార్మికసంఘమును శిశుసంరక్షణ సంఘముల జాబితాలో ఎవ్వరును చేర్చరు. నేను చేర్చెదను. జీతము ఆగిన యింట మొదట తగ్గునది పిల్లల పాలే గదా! ప్రసూతి కాలమున స్త్రీకి జీతముతో సెలవు ఇయ్యవలెనను చట్టములు బొంబాయిలో 1929లోను, మదరాసులో 1934లోను, వంగదేశమున 1939లోను వచ్చినవి. వానికి వెనుక కార్మికసంఘముల వారి ఒత్తిడియు, తరువాతి రెంటికి వెనుక రాయల్ లేబర్ కమిషను వారి సిఫారసును కలవు. అయినను ఆ చట్టములు ఫ్యాక్టరీలో పనిచేయు స్త్రీకే గాని, ఫ్యాక్టరీలో పనిచేయువాని భార్యకు వర్తింపవు. రైల్వే పట్టణములో తల్లులు హెచ్చుగా రెండవ తరగతివారు.

ఇంక 1942, 1943 సంవత్సరములకు వచ్చుచున్నాను. 1942 అక్టోబరు 16వ తేదీన మేదినీపురము జిల్లా తీరమున, కాంథీ, తమ్లుకు ప్రాంతములలో గొప్ప తుఫాను వచ్చెను. సుమారు 14,500 మంది జనులును, లక్షా తొంబదివేల పశువులును నశించినట్లు పిదప క్షామవిచారణ సంఘము వారు వ్రాసిరి. ఆ జిల్లా అప్పుడు రాజకీయముగా ప్రభుత్వమునకు ఎదురు తిరిగియుండెను గాన, ఆ యుత్పాతపు వార్తను కూడ కొన్నాళ్లు పత్రికలలో రానీయలేదు. వార్త రానిచోట సహాయము రాదు. మఱుసటి యేట వంగదేశమున క్షామము. దానివలనను, వెంటవచ్చిన మలేరియా, మశూచి, విషూచుల వలనను చనిపోయినవారి సంఖ్యను గూర్చిన అంచనాలు పదునైదు లక్షలు మొదలు ముప్పది లక్షల వఱకు కలవు. ఖరగ్‌పూరు ఈ జిల్లాకు రైలు ద్వారము.

సహకారమును గూర్చి అంతకుముందు నలువది యేండ్లు సభలలో చెప్పినదంతయు ఆ రెండేండ్లలో నేలమీదికి దిగెను. రెడ్‌క్రాసు వారికి పాలపొడి కలదు, పంచు మనుష్యులు చాలరు. ఇంగ్లండునుండి వచ్చిన క్వేకరుల అంబులెన్సు దళము వారికి మనుష్యులును, మోటారు బండ్లును కలవు. రామకృష్ణ మిషను వారికి జిల్లాలో నమ్మకము కలదు. అఖిలభారత మహిళాసభ వారును, మహిళా ఆత్మరక్షా సమితి వారును ఇండ్లలోనికి పోగలరు. ఆ మహిళాసభలో విజయలక్ష్మీ పండిత్ గారు మొదలగువారు క్షామపీడిత శిశువుల కొఱకు నిధిని కూర్చిరి. మతమున, రాజకీయమున ఒకరికొకరు దూరమైన వీరు, పాలకేంద్రముల యొద్ద కలసి పనిచేయవలసి వచ్చెను. వారిని కలిపినది ప్రేమ యని నేను చెప్పజాలను. ఒకరియొద్ద ఉన్నది మఱియొకరియొద్ద లేకపోవుటయే వారిని కలిపెను. శిశువునకు రోజును పాలు ఇయ్యవలెనన్నచో, నిన్న ఎవరు వచ్చిరో, నేడు ఎవరు రాలేదో తెలియవలెను. పేర్ల పట్టీ లేక పాలకేంద్రము నడువదు. బ్యూరోలు చేయలేని పనిని పాలగిన్నె చేసినదని నాకు తోచును.

క్షామము తగ్గగనే ఆ దళములు చెదరిపోయెను. పట్టీలును వానితోనే పోయెను. ఏ జిల్లా కచ్చేరీయు వానిని తనదిగా స్వీకరించి కొనసాగించినట్లు నాకు తెలియదు. ఆ కాలమున పోగైన జ్ఞానము, ఏ వీధిలో ఏ యింట ఎంతమంది అయిదేండ్ల లోపు పిల్లలు కలరో తెలిపినది, కాగితములతో సహా వ్యర్థమయ్యెను. దీనిని నేను క్షామపు నష్టములలో చేర్చుచున్నాను.

1946లో భోర్ కమిటీ వారి నివేదిక వెలువడెను. 1937లో బ్రిటిషు ఇండియాలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 162 మంది యేడాది నిండకుండ చనిపోయిరని యందు కలదు. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో 58 మంది. దేశమున సంభవించు మొత్తము మరణములలో సగమునకు దరిదాపు పదియేండ్ల లోపు వారివే యనియు, ఇంగ్లండులో అట్టివి పదింట నొకటి మాత్రమే యనియు ఆ నివేదిక చూపెను. ఊరికొకటిగా, వ్యాధికొకటిగా వేఱువేఱు సంఘములు పెట్టుకొనుట చాలదనియు, ఒక ప్రాంతపు ప్రజలకందఱికిని ఒకే యారోగ్యకేంద్రము ఉండవలెననియు వారు చెప్పిరి.

స్వాతంత్ర్యానంతరము ఈ విషయమున ఎక్కువగా శ్రమించిన వారిలో మన దుర్గాబాయమ్మగారు ఒకరు. మదరాసున 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించిన యామె, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి యధ్యక్షురాలయ్యెను. సంఘములను ప్రభుత్వములో కలిపివేయక, వాని స్వతంత్రమును ఉంచుచునే, వానికి ధనమిచ్చి, పని విభజించి, పరస్పరము పరిచయము చేయుట ఆ మండలి పద్ధతి. తానొక సంఘమును చందాలతో నడపిన స్త్రీ గాన, చందాలతో నడచు సంఘపు గర్వమును, భయమును రెంటిని నామె యెఱుగును. ధనమిచ్చువాడు పెత్తనము చేయునని సంఘము వారికి భయము. లెక్క చెప్పరని ప్రభుత్వమువారి యనుమానము. ఈ రెంటి నడుమ నడచుట సులభము కాదు.

1975 అక్టోబరు 2వ తేదీన 33 చోట్ల ప్రయోగముగా మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము, అనగా అంగన్వాడీల పథకము, తన అయిదు ఉద్దేశములలో ఒకటిగా వేఱువేఱు శాఖల నడుమ సమన్వయమును స్పష్టముగా పేర్కొనెను. పోషణము ఒక శాఖ, టీకా మఱియొక శాఖ. ఆ రెండును ఒకే గుడిసెలో ఒకే దినమున కలియవలెను. కలిసినచోట ఆ పద్ధతి యెంతయో మేలు చేసినది. అట్లే దిక్కులేని పిల్లల విషయమున 1996లో బొంబాయిలో ఆరంభమైన 1098 టెలిఫోను సేవ దేశమంతట వ్యాపించెను. రైల్వే స్టేషనులలో దొరకు పిల్లలను గూర్చి 2015లో రైల్వే మంత్రిత్వశాఖ వారు ప్రత్యేకముగా నియమావళిని విధించిరి. బాలల న్యాయచట్టము క్రింద జిల్లాకొక శిశుసంక్షేమ సమితి యేర్పడినది. 1098 సేవ 2023 మొదలు ప్రభుత్వపు యాజమాన్యములోనికి వచ్చినది. ఇంతకు ముందు నేను చెప్పిన రెండు పాయలు, దాదుల పాయయు పోలీసుల పాయయు, చాలవఱకు ఒకచోటికి చేరినవి ఈ చట్టముల కాలమునందే.

అయినచో ఇంకను మిగిలిన లోపమేది? దానిని చూపుటకై ఒక తల్లిని ఊహించుకొనుడు. ఆమె భర్త ఖరగ్‌పూరున గుత్తేదారు క్రింద పట్టాల పనిచేయువాడు. రైల్వే ఉద్యోగి కాడు. ఆమెకు తొలికాన్పు. మన యాచారము ప్రకారము ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో పుట్టింటివారు వచ్చి తీసికొనిపోవుదురు. పలాసలోనో, శ్రీకాకుళము రోడ్డులోనో రైలు దిగి, మీ తాలూకాలోని గ్రామమునకు చేరును. ఖరగ్‌పూరున ఆమె పేరు గర్భిణీల పుస్తకమున వ్రాసికొన్న కార్యకర్త, రెండు మాసములు చూచి, ఊరిలో లేదని కొట్టివేయును. మీ తాలూకాలో ఆమె అతిథి. గ్రామపు కుటుంబ సర్వేలో ఆమె పేరు లేదు. బిడ్డ పుట్టును. 1969 నాటి చట్టము ప్రకారము జననము జరిగిన చోటనే నమోదు కావలెను గాన మీ పుస్తకమున చేరును. పుట్టినప్పటి టీకాయు అచ్చటనే వేయుదురు. ఆఱవ వారము, పదియవ వారము, పదునాలుగవ వారము టీకాలు వేయవలెను. ఇంతలో మూడవ నెలనో, అయిదవ నెలనో మంచిదినము చూచి, సారెతో బిడ్డను అత్తవారింటికి పంపుదురు. ఆమె చేతిలోని కార్డు తెలుగులో నున్నది. ఖరగ్‌పూరున దానిని చదువవలసిన యామెకు బంగాళీయే వచ్చును. రైల్వే ఆసుపత్రికి పోవుటకు హక్కు లేదు. మునిసిపాలిటీ కేంద్రపు పట్టీలో ఆ బిడ్డ పుట్టనే లేదు.

ఎవరి తప్పు? ప్రతివారును తమ పుస్తకము సరిగా వ్రాసినవారే. తనిఖీకి వచ్చిన పై యధికారి రెండు పుస్తకములను చూచినను తప్పు కనబడదు.

దీనివలన కలుగు మఱియొక వింతను లెక్కలు చూచు మీరు ముఖ్యముగా గమనింపవలెను. ఆ బిడ్డ దురదృష్టవశమున ఎనిమిదవ నెలలో ఖరగ్‌పూరున చనిపోయెననుకొనుడు. మరణము అచ్చట నమోదగును, జననము మీయొద్ద నమోదైనది. శిశుమరణముల నిష్పత్తి కట్టునప్పుడు అచ్చట మరణము హెచ్చి జననము తగ్గును. మీయొద్ద జననము హెచ్చి మరణము తగ్గును. మీ తాలూకా ఆరోగ్యవంతమైనదనియు, ఆ పట్టణము చెడ్డదనియు కాగితము చెప్పును. ఆ నిష్పత్తిని బట్టి ధనము పంచబడును. తొలికాన్పు ఆచారము గల కుటుంబములు హెచ్చుగా వలసపోవు ప్రతి తాలూకాలోను ఈ భ్రాంతికి అవకాశము కలదు. 2009 మొదలు తల్లులను, బిడ్డలను పేరుపేరున లెక్కించు యంత్రపద్ధతి ఆరోగ్యశాఖలో వచ్చినది, అంగన్వాడీలకు 2021లో వేఱొక పద్ధతి వచ్చినది. ఇవి ఎంతయు మేలైనవి. కాని యంత్రము తానుగా అడుగదు. అడుగవలసినది మనుష్యుడు: అమ్మా, నీవు మరల ఎచ్చటికి పోవుదువు? ఎప్పుడు పోవుదువు?

నేను కోరునది కొత్త సంఘము కాదు. సంఘములు చాలును. పురిటికై వచ్చిన ప్రతి ఆడుబిడ్డ పేరును, ఆమె అత్తవారి ఊరితో సహా వేఱుగా వ్రాయునట్టి యొక పుస్తకమును మీ తాలూకాలోని ప్రతి యుపకేంద్రమున ఉంచుడు. ఆమె తిరిగి పోవు వారమున, బిడ్డకు వేసిన టీకాలను, వేయవలసిన టీకాలను అంకెలతోను తేదీలతోను వ్రాసిన చీటీని ఆమె చేతికే యిచ్చి, దాని నకలును అత్తవారి పట్టణపు ఆరోగ్యాధికారికి పంపుడు. అక్షరములు ఏ భాషవైనను అంకెలు అందఱును చదువగలరు. జవాబు రాకున్న మరల వ్రాయుడు. జవాబు వచ్చు వఱకు ఆ బిడ్డ పేరు మీ పుస్తకమున కొట్టివేయవద్దు. ఇది వినుటకు చిన్నదిగా నున్నను, కొట్టివేయుటయే ఈ రోగమునకంతకు మూలము. రెండు కచ్చేరీలలో ఒక బిడ్డ పేరు రెండుమాఱులు ఉన్నచో నష్టము లేదు.

ఖరగ్‌పూరు వంటి పట్టణముల వారికి నా మనవి మఱియొకటి. రైల్వే వైద్యులు, పురపాలకపు వారు, అంగన్వాడీ పర్యవేక్షకురాండ్రు, శిశుసంక్షేమ సమితివారు నెలకొకమాఱు కూడుచుండిన, వారి యెదుట నుంచవలసినది మొత్తముల పట్టిక కాదు, పేర్ల పట్టిక. సరిహద్దు గీతకు ఇరుప్రక్కల గల వీధులను ముందు పంచుకొని, ఏ వీధి యెవరిదియు కాదో దానిని చదువవలెను. రైల్వే భూమి యంచున గుడిసెలు వేసికొన్నవారి వీధులు ఆ జాబితాలో తప్పక తేలును. తెలుగు వాడలకు తెలుగు వచ్చిన యామెను పంపవలెను. అట్టి స్త్రీలు ఆ పట్టణముననే పుట్టి పెరిగి, రెండు భాషలను, హిందీని కూడ మాటలాడగలవారు ఎందఱో కలరు. వారిని వెదకుటకు ప్రకటన అక్కఱలేదు, మాతాపూజనాడు ఆ వాడకు పోయిన చాలును.

ఈ ప్రసంగము ముద్రితమై మీ కచ్చేరీలకు చేరునప్పటికి పెండ్లిండ్ల కాలము దాటి, పురిళ్ల కాలము వచ్చును. మీలో పలాస, సోంపేట, ఇచ్ఛాపురము, ఆమదాలవలస ప్రాంతములవారు, మీ మీ ఉపకేంద్రములలో నేడు పుట్టింట నున్న తొలికాన్పు ఆడుబిడ్డలు ఎందఱో, వారిలో రైలెక్కి ఉత్తరమునకు పోవలసినవారు ఎందఱో ఒకమాఱు అడిగి వ్రాయించినచో, ఆ పట్టికనుండియే పని మొదలు పెట్టవచ్చును.